తోకదీపం లేని విమానం

జగ్దల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వస్తున్న విమానాన్ని మా పరదేశి మావయ్య అభన్‌పూర్‌లో తన డాబా మీద నిలబడి, ఎర్రదీపం చూపించి, నడి ఆకాశంలోంచి వెనక్కి తిప్పేశాడు. అటు ఇద్దరు పైలట్లు, విమానం నిండా జనం, రెండు ఇంజన్లు. ఇటు ఒక రైల్వే పింఛనుదారు. గెలిచింది పింఛనుదారే.

నవ్వేవాళ్లు నవ్వండి. నేను అక్కడే ఉన్నాను, ఆయన వెనకాలే, చేతిలో ఫోను పట్టుకుని. కాలేజీ మెట్లెక్కి అదే వేగంతో దిగొచ్చినవాడి మాటకి విలువేంటంటారా? మా చెల్లి మాలతి ఒక మాటంటుంది: "అన్నయ్య చెప్పేదాంట్లో సగం అబద్ధం. కానీ ఏ సగమో తెలియాలంటే మొత్తం వినాలి." వినండి మరి.

పరదేశి మావయ్య వాళ్లది పలాస దగ్గర ఊరు. ఆయన తండ్రి పట్టాల పనికని రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. మూడోవాడు పుడితే, వీడు మావాడు కాదు, ఎక్కణ్ణుంచో వచ్చినవాడు అన్నట్టు పరదేశి అని పేరు పెట్టారు. యముడు ఇంటిముందు నుంచి పోతూ ఆ పేరు విని, మనది కాదులే అనుకుని పోతాడట. పోయాడు కూడా. అప్పట్నుంచి ఆయన యముడికి ఒక మొహమాటం బాకీ ఉన్నట్టు బతుకుతున్నాడు. గట్టిగా నవ్వడు, గట్టిగా ఏడవడు, గుమ్మం దాటేముందు ఒకసారి వెనక్కి చూస్తాడు.

వెనక్కి చూడ్డం ఆయన ఉద్యోగం కూడా. రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరి వెళ్లే చిన్నబండి ఉండేది. ఇక్కడివాళ్లు ఛోటీ రైల్ అనేవారు. దానికి అభన్‌పూర్ స్టేషన్‌లో మావయ్య పాయింట్స్‌మన్. పట్టాలు మార్చడం, వచ్చే బండికి, పోయే బండికి జెండా చూపడం, చీకటైతే చేతిదీపం చూపడం. అందరూ బండి ముందుభాగం చూసి "వచ్చేసింది" అంటారు. ఆయన మాత్రం ఇంజను వంక చూడనే చూడడు. ఆఖరి పెట్టె కోసం చూస్తాడు. దాని వెనక ఎర్రటి తోకదీపం ఉంటుంది. అది కనబడితేనే బండి మొత్తం వచ్చినట్టు. కనబడకపోతే ఏదో ఒక పెట్టె దారిలో ఊడి ఉండిపోయిందని లెక్క. అప్పుడు రెండు స్టేషన్ల మధ్య ఉన్న ఆ దారిని, అంటే సెక్షన్‌ని, ఖాళీ అయిందని ఎవరూ చెప్పకూడదు. ఇంకో బండిని అందులోకి వదలకూడదు.

"మావయ్యా, అలా తోకదీపం లేకుండా వచ్చిన బండిని ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను ఒకసారి.

"నేదు. సర్వీసంతా సూసినాను. ఒక్కటీ రానేదు."

"అయితే ఇంత చూసీ వేస్టే కదా."

"రానేదు కాబట్టే సూస్తన్నానురా. వచ్చీస్తే ఇంక సూసేదేటుంది?"

ఆ ఉద్యోగం ఇంట్లోకి కూడా వచ్చేసింది. కూతురు లహరి చిన్నప్పుడు వీధిలో పిల్లలంతా వరసగా బడికి వెళ్తుంటే, ఆఖర్న నడిచే పిల్ల సంచికి మావయ్య ఎర్ర రిబ్బను కట్టేవాడు. ఎప్పుడూ ఆఖర్న నడిచేది లహరే. సాయంత్రం రిబ్బను గుమ్మంలోకొస్తేనే, "ఆ, వచ్చీసినారు అందరూ" అని దాలమ్మత్త పొయ్యి మీద టీ పెట్టేది. రిబ్బను రాకముందు టీ లేదు. నేను ఆ వరసలో ముందు నడిచేవాణ్ణి కాబట్టి, లహరి నత్తనడక వల్ల నాకు ఎన్నో టీలు ఆలస్యమయ్యాయి. ఆ కక్ష ఇంకా ఉంది.

తర్వాత మావయ్య రిటైరయ్యాడు. ఆ తర్వాత చిన్నబండి ఆగిపోయింది, పట్టాలు పీకేశారు. ఆ పట్టాల ఒడ్డునే డాబా ఇల్లు కట్టుకున్న మనిషికి డాబా ముందు ఏమీ మిగల్లేదు. కొన్నాళ్లు మేడ మీద ఊరికే నిలబడేవాడు. అప్పుడు వచ్చింది విమానం.

జగ్దల్‌పూర్‌లో ఎప్పటిదో చిన్న ఎయిర్‌పోర్టు ఉంది. కరోనా మొదలైన ఏడాదో, ఆ తర్వాతో, అక్కణ్ణుంచి రాయ్‌పూర్‌కి మధ్యాహ్నం పూట పంకాల విమానం ఒకటి తిరగడం మొదలైంది. అది మా ఊరి మీదుగా బాగా కిందకి దిగి పోయేది. తోక దగ్గర ఎర్రదీపం మినుకుమినుకుమనేది. మొదటిరోజు మావయ్య దాన్ని చూసి, లోపలికెళ్లి, పచ్చజెండా తెచ్చాడు. అంతే. ఇంక రోజూ డ్యూటీ.

నేను ఊరుకుంటానా? "మావయ్యా, పైలట్ సలాం కొట్టాడు చూశావా!" అనేవాణ్ణి. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆయన్ని పట్టుకుని పీడించే ప్రశ్న వేరే ఉంది. ఒకరోజు నా ఫోన్ల కొట్టుకొచ్చి బల్ల మీద చెయ్యి వేసి అడిగాడు.

"జగ్దల్‌పూర్ ఎంత దూరంరా?"

"రోడ్డు మీద మూడొందల కిలోమీటర్లు, దగ్గరదగ్గర. ఏడెనిమిది గంటలు."

"మరి గాల్లో?"

ఫోన్లో చూశాను. "రెండొందల ముప్పై చిల్లర. గంటలోపే."

"మిగిలినియ్యి ఎటెళ్లినాయి?"

"ఏంటి మిగిలినవి?"

"కిలోమీటర్లు. డెబ్భై దాకా తగ్గినాయి గదా. ఆరు గంటలు తగ్గినాయి. అయి ఎక్కడుంటాయి?"

"మావయ్యా, రోడ్డు వంకర్లు పోతుంది. కేశ్‌కాల్ ఘాట్‌లో మలుపులున్నాయి కదా. విమానం సీధా వస్తుంది. తగ్గినవి ఎక్కడా ఉండవు."

"ఉంటాయిరా," అన్నాడు నెమ్మదిగా. "దాటేసినంత మాత్రాన నేకుండా పోవు. సెక్షన్‌లోనే ఉంటాయి."

నేను ఆ రోజంతా వచ్చినవాడికల్లా ఈ జోకు చెప్పి నవ్వించాను. సాయంత్రం కొట్టు మూసి, తాళం వేస్తూ, ఎందుకో వెనక్కి చూశాను. ఆయన్నుంచి అంటుకున్న జబ్బు.

ఇక అసలు సంగతి. అది శ్రావణం వానలు పట్టిన వారం. లహరి అప్పటికి జగ్దల్‌పూర్‌లో కాంట్రాక్టు టీచరు. పర్మనెంటు పోస్టులకి రాయ్‌పూర్‌లో, శంకర్ నగర్ ఆఫీసులో కౌన్సెలింగ్ పిలిచారు. పొద్దున పేరు పిలిచేసరికి మనిషి అక్కడ ఉండాలి. లేకపోతే పోస్టు తర్వాతివాళ్లకి పోతుంది. మూడేళ్లుగా ఎదురుచూసిన పిలుపు. ముందురోజు మధ్యాహ్నం విమానానికి టిక్కెట్టు తీసుకుంది. వాళ్ల ఇంట్లో విమానమెక్కబోయే మొదటి మనిషి.

ఆమె ఎక్కాల్సిన దానికి ఒక్కరోజు ముందు, అదే విమానం మా ఊరి మీదుగా పోయింది. మబ్బు కమ్మి మధ్యాహ్నమే మునిమాపులా ఉంది. నేను మావయ్య కొత్త ఫోన్లో సిమ్ము వెయ్యడానికి డాబా ఎక్కాను. మబ్బు చీలికలో విమానం కనిపించింది. మావయ్య జెండా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి సగంలో ఆగిపోయింది.

"తోకదీపం నేదు," అన్నాడు.

నేను చూశాను. ఇలాంటప్పుడు అబద్ధమాడితే కథ బాగుంటుంది కానీ, నిజమే ఎక్కువ బాగుంది: లేదు. విమానం వెనకభాగం నల్లగా, కొసలు విరిచేసిన పుల్లలా ఉంది. మెరవలేదు, మినుక్కుమనలేదు. అలాగే మబ్బులోకి పోయింది.

"బల్బు మాడిపోయుంటుంది మావయ్యా."

"ఫోన్ సెయ్యి."

"ఎవరికి?"

"ఆల్ల ఆఫీసుకి."

చేశాను. విమాన కంపెనీవాళ్ల నంబరు. మావయ్య ఫోను లాక్కుని తన రైల్వే హిందీలో అడిగాడు, జగ్దల్‌పూర్ బండి పూరా వచ్చిందా అని. అవతలి కుర్రాడు నవ్వాపుకుంటూ, "హాఁ బాబా, పూరా ఆ గయా. సబ్ ఉతర్ గయే," అన్నాడు.

మావయ్య ఫోను నాకిచ్చేశాడు. "అందరూ దిగినారంట," అన్నాడు. "దిగినోల్లు దిగుతారు. దిగనిది దిగనేదని ఆడికెలా తెలుస్తాది?"

మేడ మీద గాలి లేదు. దండెం మీది తువ్వాళ్లు కదలడం లేదు. నాకు చేతుల మీద రోమాలు లేచాయని ఒప్పుకుంటే నన్ను ఏడిపిస్తారు కాబట్టి ఒప్పుకోను.

ఆ సాయంత్రం లహరికి ఫోను చేశాడు. స్పీకర్లో పెట్టింది నేనే, వినాలని.

"అమ్మా, నువ్వు విమానమెక్కొద్దు. బస్సెక్కీ."

"నాన్నా, ఘాట్‌లో లారీ అడ్డం పడి నిన్నట్నుంచి జామ్. బస్సెక్కితే కౌన్సెలింగ్ గయా."

"సెక్షన్ ఖాళీ అవనేదమ్మా."

"ఏ సెక్షన్? ఆకాశానికి సెక్షనేంటి నాన్నా?"

"ఇవాళ బండికి తోకదీపం నేదు. ఏదో దార్లో ఉండిపోయింది. ఎనకాల నువ్వొస్తే దాన్ని గుద్దుకుంటావు."

అవతల లహరి గొంతు మెత్తబడింది. "నాన్నా, టెన్షన్ మత్ లో. నేను రిబ్బను కట్టుకుని వస్తాలే. ఆఖరి సీటే నాది."

"ఆఖరిదా?" అన్నాడు మావయ్య. ఆ ఒక్కమాటా అని ఫోను పెట్టేశాడు. దాలమ్మత్త నా వంక చూసి, "నవ్వకురా, ఆయన రాత్రికి తినరు," అంది. తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం మేం ముగ్గురం మేడ మీద ఉన్నాం. వాన ఆగింది కానీ వెలుగు రాలేదు. ఊళ్లో దుకాణాలు లైట్లు వేసుకున్నాయి. మావయ్య జెండా వదిలేసి చేతిదీపం తెచ్చాడు. డ్యూటీ దీపం రిటైరైనప్పుడే అప్పజెప్పేశాడు. ఇది పాత సామాన్ల కొట్లో కొన్నది. నూనె దీపం, చుట్టూ రేకు, ముందు ఒకే ఒక గుండ్రటి అద్దం. పిడి తిప్పితే లోపల రంగు మారుతుంది: తెలుపు, పచ్చ, ఎరుపు. వెలుగు ముందువైపుకే పడుతుంది. వెనక నిలబడ్డవాడికి రేకు డబ్బా తప్ప ఏం కనబడదు.

నా ఫోన్లో విమానాలు కదలడం చూపించే యాప్ ఉంది. దాంట్లో చిన్న పసుపుపచ్చ విమానం బొమ్మ జగ్దల్‌పూర్ నుంచి లేచింది. "బయల్దేరింది," అన్నాను. "కొండాగావ్ దాటింది." ఇంకాసేపటికి, "కాంకేర్ దగ్గరుంది." అంటే సగం దూరం.

అప్పుడు దాలమ్మత్త తలెత్తింది. "వచ్చీసిందేటి?"

నెత్తిమీద చప్పుడు. దక్షిణం వైపు నుంచి, మబ్బు లోపల, పంకాల మోత. రోజూ వినేదే. నీళ్ల ట్యాంకు రేకుమూత సన్నగా కొట్టుకుంది. నేను ఫోను చూశాను. బొమ్మ ఇంకా కాంకేర్ దగ్గరే ఉంది. రాయ్‌పూర్ నుంచి ఇంకో విమానం పోతోందేమోనని వెతికాను. ఆ దారిలో అదొక్కటే ఉంది.

"మావయ్యా, ఇది అది కాదు," అన్నాను.

చప్పుడు సరిగ్గా పైకొచ్చింది. వచ్చి, రాయ్‌పూర్ వైపు తగ్గుతూ పోవాలి కదా? తగ్గలేదు. పైనే ఆగిపోయింది. ఊరికే ఆగడం కాదు, ఎవరో గదిలో ఉండి పలక్కుండా ఉన్నట్టు ఆగింది. రేకుమూత నిశ్శబ్దమైపోయింది. దాలమ్మత్త మెట్ల మీద కూర్చుండిపోయి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మావయ్య దక్షిణానికి తిరిగి నిలబడ్డాడు. పిడి తిప్పిన శబ్దం విన్నాను, టక్కున. దీపం పైకెత్తాడు. రెండు చేతులతో, నెత్తికంటే ఎత్తుగా. దీపం ఇసుమంతైనా కదల్లేదు. అది ఎలా సాధ్యమో ఆయన్నే అడగాలి.

ఎంతసేపో ఎత్తే ఉంచాడు. ఫోన్లో బొమ్మ ధమ్‌తరి దగ్గరకొచ్చింది. ఇంకో పది నిమిషాల్లో మా మీదకి రావాలి. అక్కడ ఆగి, గిరికీ కొట్టినట్టు వంగింది. ముక్కు దక్షిణానికి తిరిగింది.

"తిరిగింది! మావయ్యా, వెనక్కి తిరిగింది! ఆపేశావు!" నేను అరిచాను. వీధిలో ఇద్దరు తలెత్తి చూశారు. మావయ్య దీపం దించలేదు. బొమ్మ జగ్దల్‌పూర్ చేరేదాకా దించలేదు. దించాక చేతులు కిందకి రాక, దాలమ్మత్త ఒక్కొక్క వేలూ విడదీసి దీపం తీసింది.

తర్వాత లహరి ఫోను. రాయ్‌పూర్ మీద వాతావరణం బాలేదని వెనక్కి తీసుకొచ్చి దించేశారట. అదృష్టమేంటంటే, ఆ సాయంత్రమే ఘాట్‌లో లారీ తీసేసి దారి వదిలారు. నలుగురితో కలిసి జీపు మాట్లాడుకుని బయల్దేరింది. తెల్లారేసరికి మా వీధి మొదట్లో జీపు ఆగింది. అందరికంటే ఆఖర్న దిగింది లహరి, బురద కాళ్లతో, నిద్ర కళ్లతో. మావయ్య ఆమెను చూడలేదు. ఆమె భుజం మీదుగా ఆమె వెనక రోడ్డు చూశాడు.

"నీ ఎనక ఎవరూ నేరు గదా?"

"ఎవరుంటారు నాన్నా? నేనే ఆఖరు."

అప్పుడు దాలమ్మత్త పొయ్యి వెలిగించింది.

లహరి మొహం కడుక్కుని, నా బండి మీద శంకర్ నగర్ వెళ్లి, పేరు పిలిచే టైముకి బెంచీ మీద ఉంది. పోస్టు వచ్చింది, అభన్‌పూర్ అవతలే ఒక బడిలో. ఇంక ఆమెకి జగ్దల్‌పూర్ వెళ్లే పని లేదు, విమానం ఎక్కే పనీ లేదు.

కానీ వస్తూ దారిలో, బండి వెనక కూర్చుని, ఒక మాట చెప్పింది. "నాన్నతో అనకు. మబ్బులోకి వెళ్లాక కిటికీలోంచి ఒక దీపం చూశాను."

"రెక్క మీది దీపమై ఉంటుంది."

"నా వైపు రెక్క మీది దీపం పచ్చది. అది కూడా కనిపిస్తూనే ఉంది. ఇది దానికవతల. ఎర్రది. మినుక్కుమనలేదు, కదల్లేదు. మా ఎత్తులోనే, మబ్బులో నిలబెట్టినట్టు ఉంది. మేం దగ్గరికెళ్తున్నకొద్దీ పెద్దదయింది. అప్పుడే విమానం వంగింది."

నేను బండి ఆపేశాను. ఆపకుండా ఉంటానా? నాకు కథ మొత్తం దొరికేసింది. అభన్‌పూర్ డాబా మీద ఎత్తిన ఎర్రదీపం ధమ్‌తరి మీద విమానంలో కూర్చున్న కూతురికి కనబడింది! పైలట్‌కీ కనబడే ఉంటుంది! సాయంత్రానికల్లా, మావయ్యకి తప్ప, అభన్‌పూర్ బజారంతటికీ చెప్పాను. ఆదివారం రాయ్‌పూర్ వెళ్లి, మోవాలో మా పెద్దమ్మ రమణమ్మ ఇంట్లో చెప్పాను. మావాళ్లు పాతికమంది టిఫిన్లు మానేసి విన్నారు. రైల్వే కాలనీలో ఎవరో ఆయనకి శాలువా కప్పాలన్నారు. మావయ్య పేరు ఎప్పుడూ లేనంత వెలిగింది. మావయ్య మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. రోజూ లాగే మేడ ఎక్కడం, విమానానికి జెండా చూపడం. ఆ మర్నాటి నుంచి విమానానికి తోకదీపం మామూలుగానే ఉంది. కానీ అది పోయాక కూడా ఆయన దిగిరాడు. ఖాళీ మబ్బు వంక చూస్తూ ఇంకాసేపు ఉంటాడు. "ఇంకేం రావాలి మావయ్యా?" అంటే, "ఆ మొన్నటిది రానేదు గదా," అంటాడు.

శాలువా కబురు తీసుకుని, ముగ్గురూ టీ తాగుతుండగా వెళ్లాను. "మావయ్యా, వచ్చే ఆదివారం సభ. నువ్వు ఎర్రదీపం చూపించి విమానాన్ని ఎలా ఆపావో నాలుగు ముక్కలు చెప్పాలి. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తా, నాకే బాగా వచ్చు." లహరి ఆపమన్నట్టు నా వంక చూస్తోంది. అయినా నోరు ఊరుకుందా? "నీ ఎర్రదీపాన్ని లహరి మబ్బులోంచి చూసిందట కూడా!" అనేశాను.

మావయ్య గ్లాసు కింద పెట్టాడు. కూతురి వంక చూశాడు. ఆమె తలూపింది. అప్పుడు నావైపు తిరిగి, స్టేషన్‌లో బండి వివరం చెప్పినట్టు, హెచ్చూ తగ్గూ లేని గొంతుతో అన్నాడు:

"నేనేటీ ఆపనేదురా. గాల్లో ఉన్న బండికి ఎర్ర సూపితే అదెక్కడ ఆగుతాది, పడిపోదా? అందులో మన పిల్ల ఉంది. నేను సూపింది పచ్చ."